మూడు చుక్కల కత్తి

నరసింహాచారి చేసే మడత కత్తిని పల్లెల్లో ఎవరూ ఆయన పేరుతో అడగరు. మూడు చుక్కల కత్తి అంటారు. ఖిల్లా ఘణపూర్‌లో గుట్ట కింద, వెల్డింగు షాపుకూ ఎరువుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న కొలిమిలో ఆయన నలభై ఏళ్ళు ఇనుము కొట్టాడు. ట్రాక్టర్లు వచ్చాక నాగటి కర్రుల పని పోయింది. సంతలో కట్టలు కట్టలుగా రెడీమేడ్ కొడవళ్ళు దిగాక ఆ పనీ పోయింది. మిగిలింది మడత కత్తి ఒక్కటే. దాన్ని మాత్రం సంతలో దొరికేదానితో ఎవరూ పోల్చరు.

మూస్తే అరచేతికి రెండు వేళ్ళు ఎక్కువ, తెరిస్తే జానెడు దాటుతుంది. కోయడానికి పాత లారీ కమాను పట్టీ నుంచి తీసిన అలుగు, పట్టుకోవడానికి సండ్ర చెక్క పిడి. చేతిలో పెట్టుకుంటే ఏదో ఉందనిపించే బరువు. పిడి లోపల వెన్ను వెంట ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. కత్తి తెరిచినప్పుడు ఆ పట్టీ కొన అలుగు మడమలో కోసిన గాడిలోకి దిగి కూర్చుంటుంది. ఆ తర్వాత వెనకున్న రింగు పట్టి లాగితే తప్ప కత్తి మూసుకోదు. ఆ పట్టీ వెంట్రుకవాసి తక్కువ కూర్చున్నా కంటికి తెలియదు. అలుగు ఎక్కడైనా ఇరుక్కుని బలంగా గుంజిన రోజు మాత్రం మడుచుకుని, పట్టుకున్నవాడి వేళ్ళ మీదికే వస్తుంది.

అది సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేది చారి కాదు, ఆయన భార్య కిష్టమ్మ.

సమ్మెట మోతలో చారి చెవులు ఎప్పుడో మందగించాయి. మనుషులు గట్టిగా మాట్లాడితే వినపడుతుంది, చిన్న చప్పుళ్ళు వినపడవు. వేళ్ళకు తెలుస్తుందనుకుందామంటే అవీ కాయలు కాసి మొద్దుబారాయి. అందుకని కత్తి తయారు కాగానే కిష్టమ్మ చేతికిచ్చేవాడు. ఆమె కొలిమి పక్కన బండ మీద కూర్చుని, కత్తిని చెవి దగ్గర పెట్టుకుని, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేది. పట్టీ గాడిలో పడితే టక్కుమంటుంది. ఆ టక్కు ఆమెకు నచ్చకపోతే, "ఇది కాదు, ఆకురాయి పట్టు" అని వెనక్కి విసిరేది.

"నీకేం తెలుసే కమ్మరం?" అనేవాడు చారి.

"కమ్మరం నీకే తెలుసులే. చెవులున్నది నాకు" అనేది ఆమె.

నచ్చితే మాత్రం రేకు డబ్బాలోంచి చిన్న ఉలి తీసి, పిడి మొదట్లో ఇనుము మీద మూడు దెబ్బలు కొట్టేది. మూడు చుక్కలు. చారి ఆ ఉలిని ముట్టుకున్నది లేదు. చుక్కలు పడితే కత్తి ఆయన చేతిలోంచి పోయినట్టు, ఇంక కొనేవాడిది.

శ్రావణంలో కిష్టమ్మకు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు మంచం మీదుంది. పన్నెండో రోజు లేదు.

కర్మలన్నీ అయ్యాక చారి మళ్ళీ కొలిమి ముట్టించాడు. ఇంట్లో కూర్చోలేక ముట్టించాడు. అప్పటినుంచి ఐదు కత్తులు చేశాడు. మొదటిది తయారయ్యాక పూట సేపు దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. చెవికి ఆనించాడు. ఏమీ వినపడలేదు. బొటనవేలితో నొక్కి చూశాడు, గట్టిగానే ఉన్నట్టనిపించింది. చుక్కలు లేకుండా ఇస్తే ఏవీ అని అడుగుతారు. అడిగితే ఆమె లేదని చెప్పాలి. రోజుకు ఎంతమందికని చెప్పడం? రేకు డబ్బా తెరిచి ఉలి తీసి, మూడు చుక్కలు తనే కొట్టాడు.

మూడో కత్తి బయన్నది. బయన్న నల్లమల చెంచు, కొండ చరియలకు పట్టే పెర తేనె తీసేవాడు. ఏటా దీపావళి దాటాక ఒకసారి కొండ దిగి వస్తాడు. సీసాడు తేనె తెచ్చి కిష్టమ్మ చేతికిచ్చి, పాత కత్తి బాగుచేయించుకునో, కొత్తది తీసుకునో పోతాడు. ఈసారి కూడా సీసా చంకన పెట్టుకుని వచ్చి, బండ వైపు చూశాడు.

"చారన్నా, మా వదినె ఏది?"

చారి సమ్మెట దించకుండానే అన్నాడు. "ఊరికి పోయింది."

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక, నిజంగానే ఎక్కడికో పోయి సాయంత్రానికి వస్తుందేమో అన్నంత తేలికగా అనిపించింది. బయన్న సీసా బండ మీద పెట్టాడు. కత్తి తిప్పి చుక్కలు చూసి, మొలలో దోపుకుని వెళ్ళిపోయాడు.

మాఘంలో ఆరో మాసికానికి వనపర్తి నుంచి కూతురు సంధ్య వచ్చింది. విస్తరాకులు కోయడానికి కొలిమిలో మేకుకు వేలాడుతున్న కత్తి తీసుకుంది. ఐదింటిలో అమ్ముడుపోనిది అదొక్కటే. తెరిచింది, ఆగింది. మూసి మళ్ళీ తెరిచింది. తండ్రి దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది.

"నాయినా, ఇది అమ్మ ఇన్నదేనా?"

"ఏమాయె?"

"టక్కుమంటలేదు. పండ్లు లేని నోరు మూసినట్లంటుంది."

"సరిగ్గ ఇను బిడ్డా."

సంధ్య గడప దగ్గర కూర్చుంది. కత్తి వెన్నును గడప రాతికి ఆనించి ఒళ్ళంతా బరువేసి నొక్కింది. అలుగు పిడిలోకి మడుచుకుపోయింది. సంధ్య వేళ్ళు ముందే తప్పించింది కాబట్టి సరిపోయింది.

చారి ఆ కత్తి తీసుకుని తిప్పి చూశాడు. పిడి మొదట్లో మూడు చుక్కలు. కిష్టమ్మ కొట్టినవి ఒక వరసలో ఉంటాయి. ఇవి కొంచెం వంకరగా ఉన్నాయి. ఆరు నెలల్లో ఎవరూ పట్టించుకోలేదు, ఆయన కూడా.

"ఇంకెన్ని ఇచ్చినవ్?" అంది సంధ్య.

"నాలుగు."

"ఎవరెవరికి?"

గద్వాలలో లారీ డ్రైవరు సాంసన్. తిమ్మాజిపేటలో గొర్లకాపరి బీరయ్య. సోమశిలలో బోటు నడిపే శివకుమార్. నల్లమలలో బయన్న. చారి ఒక్కొక్క పేరే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. బయన్నకు ఫోను లేదు. పెంట అని పిలిచే వాళ్ళ గూడెంలో టవరూ లేదు.

"ముందుగాల బయన్న దగ్గరికి పో నాయినా."

"వాండ్లు తేనెకు దిగేది హోళీ దాటినంక. ఇంక ఇరవై రోజులున్నయి" అన్నాడు చారి.

మర్నాడు పొద్దున ఆయన ఎక్కింది గద్వాల బస్సు.

సాంసన్ పత్తి గింజల లోడుతో రాయచూరు పోబోతున్నాడు. చారిని చూసి క్యాబిన్ లోంచే కేకేశాడు. "రా మామా! దుకాణమే నడిచొచ్చిందా?" కత్తి అద్దం పక్కన, నిమ్మకాయ దండ మీద ఎర్రదారంతో వేలాడుతోంది.

"ఎట్లుంది కత్తి?"

"చెన్నాగిదె మామా, మస్తుంది! ఏం బరువు, ఏం పనితనం! రాయచూరు డాబాల టేబుల్ మీద పెడితే అందరు చేతుల పట్టుకొని చూస్తరు. ఫ్యాక్టరీ మాలా అంటరు. కాదురా, మా చారి మామ చేతి మాల్ అంట నేను."

"ఏమేం కోసినవ్ దానితో?"

సాంసన్ ఆలోచించాడు. "పుచ్చకాయ. ఇంగ... మా ఓనర్ బిడ్డ బర్త్‌డే కేకు."

సాంసన్ చేతిలోంచి కత్తి తీసుకోవడానికి చారి అరగంట బతిమాలాల్సి వచ్చింది. "గింత మంచి దానికి రిపేరేంది మామా, నీకు పనిలేకనా?" అని సాంసన్ కోప్పడ్డాడు. తిరుగు బస్సులో చారికి కొంచెం ధైర్యం వచ్చింది. పాడైంది అమ్ముడుపోని ఆ ఒక్కటేనేమో. తన చెయ్యి నలభై ఏళ్ళ చెయ్యి. అన్నిసార్లు తప్పుతుందా? ఆ ధైర్యంతోనే మర్నాడు కూడా నల్లమల వైపు కాకుండా తిమ్మాజిపేట పోయాడు.

బీరయ్య మంద తుమ్మచెట్ల కింద ఉంది. ఆయన గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకుని పెరిగిన గిట్ట చెక్కుతున్నాడు. ఆ చేతిలో ఉన్నది మూడు చుక్కల కత్తే. పిడికీ అలుగుకూ కలిపి మెడ దగ్గర నల్ల ఉన్నిదారం బిగించి చుట్టి ఉంది.

"ఆ దారమేంది?" అన్నాడు చారి.

"ఏం లేదు చారీ. పదునుకు తిరుగులేదు. కొమ్మ నరికినా అంచు మడవలే. చేతికి జారదు. అలుగే జరంత ఊగుతది. ఊగనీ, నా పండ్లు ఊగుతలేవా?" అని బీరయ్య నవ్వాడు.

"ఎప్పటిసంది?"

"తెచ్చిన నెలకే."

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలే?"

బీరయ్య గొర్రె కాలు వదిలేశాడు. అది కుంటుకుంటూ మందలో కలిసింది. "ఇంట్ల మనిషి పోయిన దుఃఖంల ఉంటివి. నీ కత్తి ఊగుతుందని ఫోన్ చేస్తే నేనొక మనిషినేనా? పోకముందు ఆమె కొట్టిన చుక్కలున్నయి గద, సర్దుకుంటదిలే అనుకున్న."

ఆమె చుక్కలు. చారి చెయ్యి చాపి కత్తి అడిగాడు. దారం విప్పకుండానే కత్తిని సంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రి నాగర్‌కర్నూల్లో చుట్టాలింట్లో పడుకుని, మూడో రోజు కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాడు.

కృష్ణా నదిలో నీళ్ళు ఎండకు తగ్గి, రేవు మెట్లు కిందికంటా తేలి ఉన్నాయి. శివకుమార్ బోటు మోటారు రెక్కలకు చుట్టుకున్న వల పీలికలు కోస్తున్నాడు, వేరే కత్తితో.

"నాది ఏది?" అన్నాడు చారి.

శివకుమార్ మాట తప్పించబోయాడు. యాత్రికుల గురించి, నీళ్ళ గురించి చెప్పాడు. చారి కదలకపోయేసరికి కుడి చెయ్యి చాపి చూపించాడు. చూపుడు వేలు మొదట్లో తెల్లగా మానిన గీత.

"మంచి కత్తే మామా. తాళ్ళు వెన్న కోసినట్లు కోస్తది. ఒకపారి మోకుల ఇరుక్కుంటే గట్టిగ గుంజిన. మడుసుకుంది. పెద్దగేం తెగలే, గీరింది అంతే."

"నువ్వు కూడ చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? అత్తమ్మ పోయి రెండు నెలలు కాలే."

బోటులోని డబ్బాలోంచి కత్తి తీసి ఇస్తూ శివకుమార్ అడిగాడు. "ఇంకెవరికన్నా ఇచ్చినవా గిట్ల?"

"తేనె తీసేటాయనకు ఒకటి. చెంచు బయన్న."

శివకుమార్ బోటులోంచి ఒడ్డుకు దూకాడు. "తాడు మీద ఏలాడుకుంట ఒంటి చేత్తో కోస్తడు గద ఆయన?"

చారి తల ఊపాడు.

"మరి నువ్వు ఈడెందుకు నిలబడ్డవ్ మామా? పో!"

మన్ననూరు నుంచి ఆటో, ఆటో దిగాక రెండు గంటల నడక. నాలుగో రోజు మధ్యాహ్నానికి చారి పెంట చేరాడు. దారి పొడవునా రాలిన ఆకులు ఎండకు పెళపెళలాడుతుంటాయని ఆయనకు తెలుసు, వినపడలేదు. ఈసారి ఎండలు ముందే ముదిరాయి. అది మాత్రం కంటికి కనపడుతూనే ఉంది.

గుడిసె ముందు బయన్న కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి మణికట్టు దాకా తెల్ల కట్టు. పక్కన భార్య ఈదమ్మ గడ్డలు కడుగుతోంది. కొంచెం దూరంలో ఆమె తమ్ముడు గురువయ్య నారతాడు చుట్టచుట్టి పెడుతున్నాడు. చారిని చూసి బయన్న లేవబోయాడు.

"కూసో బయన్నా. ఎప్పుడైంది?"

"మొన్న. ఎండలకు తేనెపట్టులు ముందే నిండినయి. హోళీ దాక ఆగితే ఎలుగులు తింటయని దిగినం."

మొన్న అంటే చారి తిమ్మాజిపేటలో, తుమ్మచెట్ల కింద ఉన్న రోజు.

గురువయ్య చెప్పుకొచ్చాడు. బయన్న కొండ అంచున తాడు మీద దిగాడు. తేనెపట్టు మొదలు కోసి గుంజుతుంటే కత్తి మడుచుకుంది. పైన తాడు పట్టుకున్న గురువయ్యకు తాడు వణికింది తప్ప ఏం జరిగిందో తెలియలేదు. లాగితే బావ పైకొచ్చాడు, చెయ్యంతా రక్తం. దవాఖానలో ఏడు కుట్లు వేశారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇంక ముడుచుకోవని చెప్పారు.

తాడు పట్టేది ఎప్పుడూ బామ్మర్దే. అక్క మెడలో తాళి ఉండాలని కోరుకునేవాడే తాడు గట్టిగా పట్టుకుంటాడని వాళ్ళ నమ్మకం. అన్నదమ్ములకు కూడా ఇవ్వరు. బయన్న, గురువయ్య ఒకరి తోడబుట్టినదాన్ని ఒకరు చేసుకున్నవాళ్ళు. బయన్న దిగితే గురువయ్య, గురువయ్య దిగితే బయన్న తాడు పట్టాలి. ఇప్పుడు బయన్న చేతిలో తాడు ఆగదు.

"అంటే ఈయేడు..." అన్నాడు చారి.

"ఈయేడు లేదు, పైయేడు లేదు" అన్నాడు గురువయ్య, తాడు ముడి వేస్తూ.

"కత్తిది తప్పు గాదు చారన్నా" అన్నాడు బయన్న గట్టిగా, ఆయనకు వినపడాలని. "చేతికి తేనె అంటింది. జారింది. నా చెయ్యే జారింది."

ఆ దయ చారికి దెబ్బలా తగిలింది. ఈదమ్మ లేచి గుడిసెలోకి పోయి కత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది. కడిగారు గానీ పిడి సందుల్లో నల్లగా ఎండింది ఇంకా ఉంది.

"జారింది కాదు. నేను జూసిన. వెన్ను మీద వట్టిగ నొక్కినా మడుసుకుంటది" అంది ఈదమ్మ. "మా వదినె ఇని చుక్కలు గొట్టిన కత్తి గిట్లెట్ల చేస్తదన్నా? ఆమెకేమన్న పానం బాగలేదా?"

చారి సంచి తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు. చుక్కలు తనే కొట్టానని సాంసన్‌కు చెప్పలేదు. బీరయ్యకు చెప్పలేదు. శివకుమార్‌కు చెప్పలేదు.

"మీ వదినె శ్రావణంలనే పోయిందమ్మా" అన్నాడు.

ఈదమ్మ వంగి కత్తి మీది చుక్కలను వేలితో తడిమింది.

"ఊరికి పోయిందన్నవ్ గదనే?" అన్నాడు బయన్న.

"అన్న. అబద్ధమాడిన."

"మరి ఈ చుక్కలు?" అంది ఈదమ్మ.

"నేను గొట్టిన. నాకు ఇనపడదమ్మా. ఇనపడకుండనే కొట్టిన."

ఆ తర్వాత ఎవరేమన్నారో చారికి వినపడలేదు. నేల వైపు చూస్తున్నాడు. తలెత్తేసరికి ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మొగుడి చెయ్యి కోసమా, కిష్టమ్మ కోసమా అని అడిగే ధైర్యం ఆయనకు లేదు. బయన్న మాత్రం కట్టు కట్టిన చేతి వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

చారి కత్తి తీసుకుని లేచాడు. ఎవరూ ఉండమనలేదు.

ఇంటికొచ్చి ఐదు కత్తులనూ విప్పాడు. గాడులన్నీ మళ్ళీ కోశాడు, పట్టీలను మళ్ళీ కాచి బిగువెక్కించాడు. పిడుల మీది చుక్కలను ఆకురాయితో అరగదీశాడు. బయన్న కత్తి దగ్గరికొచ్చేసరికి అలుగు తిరిగే సీల అరిగిపోయి ఉంది. దానికి మంచి ఉక్కు కావాలి. రేకు డబ్బా తెరిచి, కిష్టమ్మ ఉలి తీసి, నిప్పుల్లో పెట్టాడు. అది ఎర్రబడేదాకా తిత్తి తనే ఊదాడు. దాగలి దిమ్మె మీద పెట్టి సన్నగా సాగదీసి సీల చేశాడు. ఇంక ఈ కొలిమిలో చుక్కలు కొట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఉగాది దాటిన వారానికి ఐదు కత్తులూ సంచిలో వేసుకుని మళ్ళీ పెంటకు పోయాడు. బయన్న కట్టు విప్పేశారు. చింతచెట్టు నీడలో కూర్చుని ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళను ఒక్కొక్కటీ మడుస్తున్నాడు. రెండు వేళ్ళు వదలగానే మళ్ళీ నిటారుగా లేస్తున్నాయి.

చారి ఈదమ్మ ముందు కూర్చుని కత్తి చాపాడు. "జర ఇనమ్మా."

ఆమె తీసుకోదనే అనుకున్నాడు. తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని తెరిచింది, మూసింది, తెరిచింది. కిష్టమ్మ ముఖం చూసి తెలుసుకున్నట్టే ఆమె ముఖం చూస్తున్నాడు చారి. పెదవులు కదిలాయి.

"ఏమన్నవమ్మా?"

"టక్కంటుందంటున్న!" అని అరిచింది ఈదమ్మ. ఆ తర్వాత కత్తి మూసి ఆయన ఒళ్ళో పెట్టింది. "మంచిగనే ఉంది. మాకొద్దు. దిగెటోడు లేడు, కత్తెందుకు? నువ్వే ఉంచుకో."

చారి తల వంచుకుని కత్తిని సంచిలో పెట్టబోయాడు. అప్పుడు ఆమెకు సంచిలోని మిగతావి కనపడ్డాయి.

"అవెవరియి?"

"గొర్లకాపరిది ఒకటి, బోటాయనది, లారాయనది. ఒకటి ఎవరిదీ గాదు."

ఈదమ్మ మొగుడి వైపు చూసింది. అతను ఇంకా వేళ్ళు మడుస్తూనే ఉన్నాడు. ఆమె చెయ్యి చాపింది. "తే ఇటు. వాండ్ల చేతులన్న బాగుండనీ."

ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుంది. బీరయ్యది విని పక్కన పెట్టింది. సాంసన్‌ది విని పక్కన పెట్టింది. ఎవరిదీ కానిదీ అంతే. శివకుమార్ కత్తి మూడుసార్లు తెరిచింది, నాలుగోసారి తెరిచింది. తల అడ్డంగా ఊపి చారి చేతిలో పెట్టింది.

"ఇది కాదు" అంది.

చారికి ఆ మాట వినపడలేదు. తల ఊపడం చూశాడు, అది చాలు. మళ్ళీ ఆకురాయి పట్టడానికి ఆ కత్తిని విడిగా గుడ్డలో చుట్టుకుని, సంచి భుజాన వేసుకుని లేచాడు.